సీఎస్‌వీ, జేసన్, ఎక్స్‌ఎంఎల్: ఆన్‌లైన్‌లో ఫైలు మార్చేటప్పుడు అంకె పోకుండా, అక్షరం చెడకుండా

సీఎస్‌వీ, జేసన్, ఎక్స్‌ఎంఎల్ అనేవి డేటాను ఫైలులో రాసే పద్ధతులు, అంటే ఫార్మాట్లు. సీఎస్‌వీ ఫైలును జేసన్‌గా, జేసన్‌ను ఎక్స్‌ఎంఎల్‌గా మార్చే ఉచిత సైట్లకు కొదవ లేదు. ఫైలు ఎక్కించి కన్వర్ట్ నొక్కితే రెండు సెకన్లలో కొత్త ఫైలు దిగుతుంది. చిక్కంతా ఆ రెండు సెకన్లలో ఏం పోయిందో ఎవరూ చెప్పకపోవడంలోనే ఉంది. ఖాతా నంబరులో చివరి అంకె మారుతుంది, ఇంటి నంబరు తేదీ అయిపోతుంది, ఎస్టీడీ కోడ్ ముందున్న సున్నా ఎగిరిపోతుంది. ఎర్రర్ మాత్రం రాదు. అవతలి సాఫ్ట్‌వేర్ కూడా ఆ ఫైలును కిమ్మనకుండా తీసుకుంటుంది. తప్పు బయటపడేది ఎవరి డబ్బో వాళ్ల ఖాతాలో పడనప్పుడు. అందుకే ఇక్కడ ఏ మీట నొక్కాలన్నదాని కంటే, నొక్కేముందు ఏం సర్దుకోవాలి, నొక్కాక ఏం సరిచూడాలి అన్నదానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ఏ ఫార్మాట్ ఎంత మోస్తుంది

సీఎస్‌వీ అంటే ఉత్త పట్టిక. వరుసకో రికార్డు, విలువల మధ్య కామా. ఇది అంకె, ఇది తేదీ, ఇది పేరు అని చెప్పే ఏర్పాటు అందులో లేదు. 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం దీనికి ఒక పద్ధతి రాసిపెట్టింది: విలువలో కామా ఉంటే దాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టాలి, విలువలోనే డబుల్ కోట్ ఉంటే దాన్ని రెండుసార్లు రాయాలి. ఈ పద్ధతి పాటించని ఫైళ్లు బయట బోలెడు.

జేసన్‌లో టెక్స్ట్ వేరు, అంకె వేరు, నిజం-అబద్ధం వేరు, ఖాళీ వేరు. ఒక రికార్డులో ఇంకో జాబితా కూడా ఇమడుతుంది. ఎక్స్‌ఎంఎల్ 1998 నుంచి ఉన్న ప్రమాణం. అందులోనూ లోపల లోపల అమర్చుకోవచ్చు కానీ, ఏ విలువ ఏ రకమో చెప్పే స్కీమా విడిగా ఇస్తే తప్ప అన్నీ టెక్స్టే. యామల్ అనే ఇంకో ఫార్మాట్ ఎక్కువగా సాఫ్ట్‌వేర్ సెట్టింగుల ఫైళ్లలో కనిపిస్తుంది.

ఎక్కువ మోసే ఫార్మాట్ నుంచి తక్కువ మోసేదానికి వెళ్తే ఏదో ఒకటి వదిలేయాలి. తక్కువ నుంచి ఎక్కువకు వెళ్తే కన్వర్టర్ ఊహించుకోవాలి. నష్టాలన్నీ ఈ రెండు చోట్లే జరుగుతాయి.

ఆ సైటుకు ఫైలు ఇవ్వొచ్చా

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. కొన్ని సైట్లు మార్పిడి మొత్తం మీ బ్రౌజర్‌లోనే చేస్తాయి, ఫైలు మీ కంప్యూటర్ దాటదు. కొన్ని ఫైలును తమ సర్వర్‌కు పంపించుకుని మార్చి తిరిగి ఇస్తాయి. పేజీలో రాసిన మాట నమ్మడం కంటే మీరే తేల్చుకోవడం మేలు. ఇన్‌కాగ్నిటో విండోలో సైటు తెరవండి. పేజీ పూర్తిగా వచ్చాక వైఫై ఆపేయండి, ఫోనైతే ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. ఇప్పుడు రెండు వరుసల ఉత్తుత్తి డేటా అతికించి కన్వర్ట్ నొక్కండి. ఫలితం వస్తే పని బ్రౌజర్‌లో జరిగినట్టే. తిరుగుతూ ఉండిపోతే అది సర్వర్ మీద నడిచే సైటు. అసలు ఫైలు మార్చేటప్పుడు కూడా నెట్ ఆపే మార్చి, ఫలితం దించుకుని, విండో మూసేశాకే నెట్ మళ్లీ పెట్టుకోండి. లేదంటే నెట్ రాగానే పేజీ ఆ డేటాను పంపే వీలుంటుంది.

కంప్యూటర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ చూడటం ఇంకో దారి. కన్వర్ట్ నొక్కగానే పోస్ట్ అనే రకం రిక్వెస్ట్ వెళ్లి, దాని పేలోడ్‌లో, అంటే అది మోసుకెళ్లే సమాచారంలో, మీ డేటా కనిపిస్తే అది బయటికి వెళ్లిందన్నమాట.

సైటులో సేవ్, షేర్ లింక్ అనే మీటలుంటే వాటి జోలికి వెళ్లొద్దు. 2025 నవంబరులో వాచ్‌టవర్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు, బాగా వాడుకలో ఉన్న రెండు జేసన్ సైట్లలో జనం అలా సేవ్ చేసి వదిలేసిన 80 వేలకు పైగా ముక్కలు బయటివారికి దొరికే స్థితిలో ఉన్నాయని చూపించారు. వాటిలో పాస్‌వర్డులు, రహస్య కీలు కూడా ఉన్నాయి. అదే ఏడాది మార్చిలో అమెరికాలో ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం ఉచిత కన్వర్టర్ల ముసుగులో మాల్‌వేర్ అంటగడుతున్నారని హెచ్చరించింది. జేసన్ అడిగితే జేసన్ ఫైలే దిగాలి. ఇన్‌స్టాల్ చేయమంటూ ఇంకేదైనా దిగితే తెరవకుండా తీసేయండి.

డేటా డాట్ గవ్ డాట్ ఇన్ నుంచో, తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్ నుంచో దించుకున్న ప్రభుత్వ లెక్కలను ఏ సైటులో మార్చినా నష్టం లేదు, అవి అందరివీ. ఆధార్, పాన్, ఫోన్, ఖాతా, జబ్బు, మార్కుల వివరాలు ఉన్న ఫైలు మాత్రం సర్వర్‌కు పంపే సైటుకు ఇవ్వకూడదు. అవి మీవి కావు, ఆ జాబితాలో పేర్లున్న వాళ్లవి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశమూ ఇదే. సైటు ఎలా పనిచేస్తుందో చూసుకోవాలంటే అసలు ఫైలులోని కాలమ్ పేర్లు అలాగే ఉంచి, లోపల ఉత్తుత్తి విలువలు పెట్టిన ఐదు వరుసల ఫైలు చాలు.

నష్టం సగం ఎక్సెల్‌లోనే జరిగిపోతుంది

కన్వర్టర్‌ను తిట్టుకునే ముందు చూడాల్సింది, ఆ సీఎస్‌వీని ఎక్సెల్‌లో ఎవరైనా డబుల్ క్లిక్ చేసి తెరిచి సేవ్ చేశారా అన్నది. ఈ వరుస చూడండి:

పేరు,ఇంటి నంబరు,ఊరు,ఎస్టీడీ,ఖాతా,జమ,చేరిన తేదీ
"కె. రామారావు, ఎలక్ట్రీషియన్",4-12,తెనాలి,08644,012345678901234567,"1,25,000",03/04/2024

ఎక్సెల్ దీన్ని నేరుగా తెరిస్తే ఇంటి నంబరు 4-12 కాస్తా డిసెంబరు 4 అవుతుంది. అమెరికా తేదీ పద్ధతిలో ఉన్న కంప్యూటర్ అయితే ఏప్రిల్ 12. సెల్ ఫార్మాట్‌ను తర్వాత టెక్స్ట్‌కు మార్చినా 4-12 తిరిగి రాదు. 2025లో తెరిచిన ఫైలైతే 45995 అనే అంకె కనిపిస్తుంది, ఎందుకంటే ఎక్సెల్ తేదీలను రోజుల లెక్కగా దాచుకుంటుంది. మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఇంటి నంబర్లు చాలావరకు ఇలాగే రెండు అంకెల మధ్య హైఫన్‌తో ఉంటాయి. కాబట్టి ఓటరు జాబితా, రేషన్ జాబితా, సంఘం సభ్యుల జాబితా ఏది మార్చినా ఈ ప్రమాదం ఉన్నట్టే. ఈ బాధ మనకొక్కరికే కాదు. కొన్ని జన్యువుల పొట్టి పేర్లు ఎక్సెల్‌లో సెప్టెంబరు 1, మార్చి 1 అయిపోతున్నాయని, వాటికి పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ 2020లో ఆ పేర్లనే మార్చేసింది.

ఎస్టీడీ కోడ్ 08644 ముందున్న సున్నా పోతుంది. ఖాతా నంబరుది ఇంకా పెద్ద నష్టం. ఎక్సెల్ ఒక అంకెలో 15 స్థానాల వరకే గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాతివన్నీ సున్నాలు చేస్తుంది. అంటే పై ఖాతా 12345678901234500 అవుతుంది. 12 అంకెల ఆధార్ నంబరుకు 15 స్థానాల గండం లేదు కానీ, 1.23457ఈ+11 అన్న రూపంలో కనిపిస్తుంది. సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఎక్సెల్ తెరమీద కనిపించేదే రాస్తుంది కాబట్టి మిగతా అంకెలు అక్కడితో గల్లంతు. రోల్ నంబరు మధ్యలో ఇంగ్లీషు ఈ అక్షరం ఉండి, అటూ ఇటూ అంకెలే ఉన్నా ఇదే గతి పడుతుంది.

అందుకని సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవొద్దు, ఇంపోర్ట్ చేసుకోండి. ఎక్సెల్ 2019, ఆ తర్వాతి వెర్షన్లలో డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ నొక్కి ఫైలు ఎంచుకోండి. వచ్చే పెట్టెలో ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ యూటీఎఫ్-8, డేటా టైప్ డిటెక్షన్ దగ్గర డు నాట్ డిటెక్ట్ డేటా టైప్స్ పెట్టండి. యూటీఎఫ్-8 అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి, అంటే ఒక ఎన్‌కోడింగ్. ఇలా చేసినప్పుడు శీర్షికల వరుస కూడా మామూలు డేటాలా దిగొచ్చు. అప్పుడు లోడ్ బదులు ట్రాన్స్‌ఫార్మ్ డేటా నొక్కి, యూజ్ ఫస్ట్ రో యాజ్ హెడర్స్ ఎంచుకోవాలి. ఇక్కడే ఒక గోతి ఉంది. ఆ మీట నొక్కగానే కుడివైపు అప్లైడ్ స్టెప్స్ జాబితాలో ఛేంజ్‌డ్ టైప్ అనే అడుగు తనంతట తానే చేరుతుంది, అంకెల్ని మళ్లీ పాడుచేస్తుంది. దాని పక్కన ఇంటూ గుర్తు నొక్కి తీసేశాకే లోడ్ చేయండి.

గూగుల్ షీట్స్‌లో అయితే ఫైల్, ఇంపోర్ట్, అప్‌లోడ్. ఆ పెట్టెలో కన్వర్ట్ టెక్స్ట్ టు నంబర్స్, డేట్స్ అండ్ ఫార్ములాస్ అనే చోట టిక్ తీసేయండి. లిబ్రేఆఫీస్ కాల్క్‌లో సీఎస్‌వీ తెరవగానే దిగుమతి పెట్టె దానంతట అదే వస్తుంది. క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 పెట్టి, కింద కనిపించే కాలమ్‌లలో మొదటిది నొక్కి, షిఫ్ట్ పట్టుకుని చివరిది నొక్కి, కాలమ్ టైప్ టెక్స్ట్ అనండి. ఈ మూడింట్లో మా ఓటు లిబ్రేఆఫీస్‌కే. ఉచితం, నెట్ అక్కర్లేదు, అడగకుండా ఏదీ మార్చదు.

2023 నుంచి కొత్త ఎక్సెల్‌లో ఆప్షన్స్, డేటా కింద ఆటోమేటిక్ డేటా కన్వర్షన్ అనే విభాగం వచ్చింది. ముందు సున్నాలు, పొడవాటి అంకెలు, ఈ అక్షరం సమస్యలకు అక్కడ టిక్‌లు తీసేస్తే సరిపోతుంది. హైఫన్ ఉన్న ఇంటి నంబర్లకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

తెలుగు అక్షరాలు ఎందుకు గీతలవుతాయి

యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరమూ, గుణింతపు గుర్తూ మూడేసి బైట్లు తీసుకుంటుంది. ఆ మూడు బైట్లను పాత పద్ధతిలో చదివే ప్రోగ్రామ్ వాటిని మూడు వేరు వేరు పాశ్చాత్య అక్షరాలుగా చూపిస్తుంది. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, తర్వాత ఇంకేదో, ఇదే వరస మళ్లీ మళ్లీ కనిపిస్తే మీ ఫైలు బాగానే ఉంది, చదివే పద్ధతే తప్పని అర్థం. యూటీఎఫ్-8గా మళ్లీ తెరిస్తే తెలుగు కనిపిస్తుంది. ఆ గీతలతోనే సేవ్ మాత్రం చేయొద్దు.

తెలుగు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు ఉంటే మాత్రం ఆశ వదులుకోవాలి. ఎక్సెల్‌లో సేవ్ యాజ్‌లో మామూలు సీఎస్‌వీ కామా డీలిమిటెడ్ ఎంచుకుంటే జరిగేది ఇదే. ఆ పాత ఎన్‌కోడింగ్‌లో తెలుగుకు చోటు లేదు కాబట్టి ప్రతి అక్షరం బదులు ప్రశ్నార్థకం రాసేస్తుంది. అక్కడి నుంచి వెనక్కి దారి లేదు, అసలు ఫైలు వెతుక్కోవాల్సిందే. అదే జాబితాలో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని వేరే ఎంపిక ఉంటుంది. దాన్నే వాడండి.

ఆ ఎంపికతో సేవ్ చేస్తే ఫైలు మొదట్లో కంటికి కనబడని మూడు బైట్ల గుర్తు, బీఓఎం, చేరుతుంది. ఎక్సెల్‌కు అది మేలే, దాన్ని చూసే యూటీఎఫ్-8 అని గుర్తుపడుతుంది. కొన్ని కన్వర్టర్లు మాత్రం ఆ గుర్తును మొదటి కాలమ్ పేరులో కలిపేస్తాయి. జేసన్‌లో ప్రతి విలువకూ ముందు రాసే పేరును కీ అంటారు. "పేరు" అనే కీ కళ్లముందే ఉన్నా ప్రోగ్రామ్‌కు దొరకడం లేదంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. విండోస్ నోట్‌ప్యాడ్‌లో ఫైలు తెరిస్తే కింద కుడి మూల యూటీఎఫ్-8 విత్ బీఓఎం అని కనిపిస్తుంది. సేవ్ యాజ్‌లో ఎన్‌కోడింగ్‌ను ఉత్త యూటీఎఫ్-8కి మార్చి సేవ్ చేస్తే సరి.

జేసన్ ఫలితంలో తెలుగు బదులు బ్యాక్‌స్లాష్, యు, నాలుగు స్థానాల కోడ్ వరసగా కనిపిస్తే కంగారు పడొద్దు. త అక్షరానికి 0సి24 అన్నట్టు ప్రతి అక్షరానికీ యూనికోడ్ సంఖ్య రాశారంతే. జేసన్ నియమాల ప్రకారం రెండూ ఒకటే, చదివే ప్రోగ్రామ్ దాన్ని తెలుగుగానే తీసుకుంటుంది.

ఇంకో కనబడని వస్తువు, అక్షరాలు కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్. సాఫ్ట్‌వేర్ అని తెలుగులో టైపు చేసినప్పుడు ట్, వే ఒత్తుగా కలిసిపోకుండా మధ్యలో ఉండేది అదే. ఒకరు దాంతో, ఇంకొకరు అది లేకుండా టైపు చేస్తే కంప్యూటర్‌కు అవి రెండు వేరే పదాలు. కాలమ్ పేర్లలో ఇది ఉంటే రెండు ఫైళ్లు జత కుదరవు. కాబట్టి కాలమ్ పేర్లకు అలాంటి పదాలు పెట్టుకోకపోవడమే సుఖం.

పాత ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో అను స్క్రిప్ట్‌లో టైపు చేసిన జాబితా అయితే అది అసలు తెలుగు డేటానే కాదు. ఇంగ్లీషు అక్షరాలకు తెలుగు బొమ్మలు తొడిగిన ఫాంటు అది. ఏ జేసన్ కన్వర్టరూ దాన్ని బాగుచేయలేదు. ముందు అను నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరంలో వేసి, పేర్లు ఒకసారి కళ్లతో చదివి సరిచూసుకుని, ఆ తర్వాతే ఫార్మాట్ మార్పిడికి రండి.

సీఎస్‌వీ నుంచి జేసన్

ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మూడు విషయాలు చూడండి. మొదటి వరుసలో కాలమ్ పేర్లు ఉన్నాయా, రెండు కాలమ్‌లకు ఒకే పేరు లేదు కదా? ఒకే పేరుంటే కన్వర్టర్ రెండోదానితో మొదటిదాన్ని చెరిపేయొచ్చు. విలువల మధ్య ఉన్నది కామానా, సెమికోలనా, ట్యాబా? లోపల కామా ఉన్న విలువలకు డబుల్ కోట్స్ ఉన్నాయా?

మనకు ఈ మూడోది చాలా ముఖ్యం. లక్షా పాతిక వేలను మనం 1,25,000 అని రాస్తాం. కోట్స్ లేకపోతే అది 1, 25, 000 అని మూడు కాలమ్‌లై, దాని కుడివైపు ఉన్నవన్నీ రెండు గళ్లు పక్కకు జరుగుతాయి. జమ కాలమ్‌లో కామాలు మొత్తం తీసేసి 125000 అని ఉంచుకోవడమే శ్రేయస్కరం.

తేదీని 2024-04-03 రూపంలోకి మార్చుకోండి. 03/04/2024 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా సాఫ్ట్‌వేర్‌కు మార్చి 4. నెల ముందో రోజు ముందో చెప్పే ఆధారం ఫైలులో ఎక్కడా ఉండదు. ఎక్సెల్ ఫైలునే నేరుగా ఎక్కించే కన్వర్టర్‌లో తేదీ బదులు 45385 వంటి అంకె వస్తే అది ఇందాకటి రోజుల లెక్కే.

ఇప్పుడు సైటులో అతికించండి. హెడర్ రో అన్నచోట టిక్ ఉంచండి. పార్స్ నంబర్స్ అన్నచోట టిక్ తీసేయండి. అది ఉంటే 08644 కాస్తా 8644 అయిపోవచ్చు, పెద్ద అంకెలు ఇంకా ప్రమాదం. బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ 9007199254740991 దాటిన పూర్ణాంకాలను కచ్చితంగా పట్టుకోలేదు. పై ఖాతా నంబరు అంకెగా మారితే 12345678901234568 అవుతుంది. చివరి 7 పోయి 8 వచ్చింది, అదీ ఏ హెచ్చరికా లేకుండా. కూడికలు, తీసివేతలు చేసే కాలమ్‌లు మాత్రమే అంకెలు. ఫోను, ఖాతా, ఆధార్, రోల్ నంబరు, పిన్ కోడ్, ఇంటి నంబరు, వీటిని ఎవరూ కూడరు, కాబట్టి అన్నీ టెక్స్టే. కాలమ్ వారీగా రకం ఎంచుకోనిచ్చే సైటు దొరికితే జమ ఒక్కటే అంకె అనండి. అప్పుడు రావాల్సింది ఇది:

{
  "పేరు": "కె. రామారావు, ఎలక్ట్రీషియన్",
  "ఇంటి నంబరు": "4-12",
  "ఊరు": "తెనాలి",
  "ఎస్టీడీ": "08644",
  "ఖాతా": "012345678901234567",
  "జమ": 125000,
  "చేరిన తేదీ": "2024-04-03"
}

ఖాతా చుట్టూ కోట్స్ ఉన్నాయి, జమ చుట్టూ లేవు. ఫలితంలో ముందు చూడాల్సింది ఈ తేడానే.

సీఎస్‌వీలో ఖాళీగా వదిలిన గడికి కొన్ని కన్వర్టర్లు ఖాళీ కోట్స్ రాస్తాయి, కొన్ని నల్ అని రాస్తాయి, కొన్ని ఆ కీనే వదిలేస్తాయి. ఫైలు తీసుకునే సాఫ్ట్‌వేర్ ఏది ఆశిస్తోందో ముందే అడిగి తెలుసుకోండి.

జేసన్‌ను చేత్తో సవరించాక ఎర్రర్ వస్తే కారణాలు కొన్నే. జాబితాలో చివరి వస్తువు తర్వాత మిగిలిపోయిన కామా, డబుల్ కోట్స్ బదులు సింగిల్ కోట్స్, కోట్స్ లేకుండా సున్నాతో మొదలైన అంకె, మధ్యలో రాసుకున్న వ్యాఖ్య. ఫోను కీబోర్డు పెట్టే వంకర కోట్స్ కూడా చెల్లవు. జేసన్‌లింట్ వంటి పరికరం వరుస నంబరు చూపిస్తుంది. అక్కడ తప్పు కనబడకపోతే దాని పై వరుస చివర చూడండి, తరచు అక్కడే ఉంటుంది. జేసన్‌ను వాట్సాప్ మెసేజిగా అతికించి పంపొద్దు, నక్షత్రం గుర్తుల్ని, అండర్‌స్కోర్‌లను అది బోల్డ్, ఇటాలిక్ అనుకుంటుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

జేసన్ నుంచి పట్టికకు

వెనక్కి రావడమే అసలు కష్టం. కిరాణా దుకాణం రసీదు ఒకటి తీసుకోండి:

{
  "రసీదు": "0041",
  "తేదీ": "2025-06-03",
  "సరుకులు": [
    {"పేరు": "కందిపప్పు", "కిలోలు": 2, "ధర": 320},
    {"పేరు": "బియ్యం", "కిలోలు": 25, "ధర": 1450}
  ],
  "రవాణా": 60
}

దీన్ని సీఎస్‌వీగా మారిస్తే చాలా సైట్లు సరుకుకో వరుస చేసి, రసీదు వివరాలను ప్రతి వరుసలోనూ మళ్లీ రాస్తాయి:

రసీదు,తేదీ,సరుకు,కిలోలు,ధర,రవాణా
0041,2025-06-03,కందిపప్పు,2,320,60
0041,2025-06-03,బియ్యం,25,1450,60

చూడటానికి చక్కగా ఉంది. కానీ రవాణా కాలమ్ కూడితే 120 వస్తుంది. అసలు మొత్తం 1830 అయితే ఈ పట్టిక 1890 చూపిస్తుంది. వంద రసీదులున్న ఫైలులో ఈ తేడా పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. ఇంకొన్ని సైట్లు సరుకులు.0.పేరు, సరుకులు.1.పేరు అంటూ కాలమ్‌లు పెంచుకుంటూ పోతాయి. ఒక రసీదులో 40 సరుకులుంటే పట్టిక అడ్డంగా సాగిపోతుంది, మిగతా రసీదుల్లో ఆ గళ్లన్నీ ఖాళీ.

సరైన దారి రెండు పట్టికలు చేయడం. ఒకదానిలో రసీదు, తేదీ, రవాణా. రెండోదానిలో రసీదు, సరుకు, కిలోలు, ధర. రెంటినీ కలిపేది రసీదు నంబరు. ఎక్సెల్‌లో డేటా, గెట్ డేటా, ఫ్రమ్ ఫైల్, ఫ్రమ్ జేసన్ ద్వారా ఒకే ఫైలును రెండుసార్లు తెచ్చుకుని, మొదటిసారి సరుకుల కాలమ్ తీసేసి, రెండోసారి ఆ కాలమ్ పక్కనున్న బాణాల గుర్తుతో ఎక్స్‌పాండ్ చేసి రవాణా కాలమ్ తీసేస్తే ఈ రెండు పట్టికలు వచ్చేస్తాయి. ఫైలు కంప్యూటర్ దాటదు కూడా.

సీఎస్‌వీ చేతికొచ్చాక మళ్లీ డబుల్ క్లిక్ చేస్తే 0041 కాస్తా 41 అవుతుంది. ఇంపోర్ట్ పద్ధతి ఇక్కడా తప్పదు.

ఎక్స్‌ఎంఎల్‌తో వచ్చే చిక్కులు

ఎక్స్‌ఎంఎల్‌లో ఒక విలువను ట్యాగ్ (కోణపు బ్రాకెట్లలో రాసే పేరు) లోపల అయినా, ట్యాగ్‌లోనే లక్షణంగా అయినా రాయొచ్చు:

<సభ్యుడు సంఖ్య="07">
  <పేరు>లక్ష్మి</పేరు>
  <పంట>మిరప</పంట>
</సభ్యుడు>

జేసన్‌లో ఈ తేడా లేదు. అందుకని కొన్ని కన్వర్టర్లు సంఖ్య ముందు ఎట్ గుర్తు పెడతాయి, కొన్ని అండర్‌స్కోర్ పెడతాయి, కొన్ని ఏదీ పెట్టవు. ఒకే ఫైలును రెండు సైట్లలో మారిస్తే రెండు రకాల జేసన్ వస్తుంది. ఒక పనికి ఒకే సైటు పట్టుకుని ఉండండి.

దీనికంటే ఇబ్బంది పెట్టేది ఒంటరి వస్తువు. ఒక రైతుకు మిరప, పత్తి రెండు పంటలుంటే కన్వర్టర్ "పంట"ను జాబితాగా రాస్తుంది. పై లక్ష్మికి ఒకటే పంట కాబట్టి ఉత్త టెక్స్టుగా రాస్తుంది. జాబితా వస్తుందని రాసిన ప్రోగ్రామ్ లక్ష్మి దగ్గరికి రాగానే ఆగిపోతుంది. ఆల్వేస్ అరే వంటి ఎంపిక ఉన్న సైటు చూసుకోండి. లేదా పరీక్షకు ఇచ్చే నమూనాలో ఒక పంట రైతు, రెండు పంటల రైతు, పంటే లేని రైతు ముగ్గురూ ఉండేలా చూడండి.

జేసన్ నుంచి ఎక్స్‌ఎంఎల్‌కు వెళ్లేటప్పుడు కీ పేర్లే ట్యాగులవుతాయి. ట్యాగు పేరులో ఖాళీ ఉండకూడదు, అంకెతో మొదలవకూడదు. "ఇంటి నంబరు" అని ఉంటే ఇంటి_నంబరు అని ముందే మార్చుకోండి. తెలుగు ట్యాగులు ప్రమాణం ప్రకారం చెల్లుతాయి. అయితే ఫైలు తీసుకునే సాఫ్ట్‌వేర్ తనకు తెలిసిన పేర్లనే చదువుతుంది కాబట్టి వాళ్లిచ్చిన పేర్లే పెట్టాలి.

ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన ఎక్స్‌ఎంఎల్‌ను చాలా సైట్లు చెల్లని ఫైలు అని తోసిపుచ్చుతాయి. ఆ ఫైలులో &#4; అని వెతకండి. ట్యాలీ తన లోపలి పేర్ల ముందు ఈ గుర్తు పెడుతుంది, ఎక్స్‌ఎంఎల్ 1.0 నియమాలు దాన్ని ఒప్పుకోవు. నోట్‌ప్యాడ్‌లో రీప్లేస్‌తో దాన్ని ఖాళీగా మార్చండి. అప్పటికీ చదవకపోతే ఎన్‌కోడింగ్ చూడండి. యూటీఎఫ్-16 అని ఉంటే యూటీఎఫ్-8గా సేవ్ చేసి, మొదటి వరుసలో ఎన్‌కోడింగ్ పేరు రాసి ఉంటే దాన్ని కూడా అలాగే మార్చండి. ఇవన్నీ కాపీ మీదే చేయాలి. ట్యాలీలోకి తిరిగి ఎక్కించాల్సిన ఫైలును ఇలా ముట్టుకోవద్దు.

యామల్ గురించి కొంచెం

యామల్‌లో ట్యాబ్ వాడకూడదు, ఖాళీలే వాడాలి. అందులో కోట్స్ లేని విలువల రకాన్ని చదివే ప్రోగ్రామే ఊహిస్తుంది. పాత 1.1 నియమాలు పాటించే కన్వర్టర్ హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ 040ని ఎనిమిదుల లెక్కలో రాసిన (ఆక్టల్) అంకె అనుకుని జేసన్‌లో 32 అని రాస్తుంది. 12:30ని 750 చేస్తుంది, అరవైల లెక్కలో. 1.10 అనే వెర్షన్ నంబరు 1.1 అయిపోతుంది. ఇలాంటి విలువలన్నిటికీ ముందే కోట్స్ పెట్టండి. యామల్‌లో రాసుకున్న వ్యాఖ్యలు జేసన్‌లోకి రావు, కాబట్టి అసలు ఫైలు పారేయొద్దు.

జీఎస్టీ, ఆదాయపు పన్ను, ఆధార్ ఫైళ్లు

జీఎస్టీఆర్-1, ఈ-వే బిల్లు వంటివాటికి పోర్టల్ జేసన్ అడుగుతుంది కదా అని ఎక్సెల్ పట్టికను మామూలు కన్వర్టర్‌లో వేస్తే ఆ ఫైలును పోర్టల్ తిరగ్గొడుతుంది. కీ పేర్లు, లోపలి అమరిక అన్నీ ప్రభుత్వం నిర్ణయించినవే ఉండాలి. జీఎస్టీ ఆఫ్‌లైన్ టూల్, ఈ-వే బిల్లు పోర్టల్ ఇచ్చే తయారీ ఫైలు ఆ పనికే ఉన్నాయి. జీఎస్టీఆర్-2బీని చదవడానికి జేసన్ దించి మార్చుకోనక్కర్లేదు, పోర్టల్‌లోనే ఎక్సెల్ రూపంలో కూడా దొరుకుతుంది. ఆదాయపు పన్ను రిటర్నులకు 2021-22 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఎక్స్‌ఎంఎల్ పోయి జేసన్ వచ్చింది. దాన్ని కూడా శాఖ వారి యుటిలిటీతోనే తయారు చేయాలి.

ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఎక్స్‌ఎంఎల్ మీద డిజిటల్ సంతకం ఉంటుంది. దాన్ని వేరే ఫార్మాట్‌కు మార్చినా, లోపల ఒక్క అక్షరం కదిపినా సంతకం చెల్లదు. పైగా అది ఏ కన్వర్టర్ సైటుకూ ఇవ్వాల్సిన ఫైలు కాదు.

మార్చాక సరిచూడటం

మొదట లెక్క. సీఎస్‌వీలో శీర్షిక పోగా ఎన్ని వరుసలో, జేసన్‌లో అన్ని రికార్డులుండాలి. తేడా వస్తే చిరునామాలో ఎంటర్ నొక్కిన గడులు ఉన్నాయేమో చూడండి. కోట్స్ లేకుండా లోపల కొత్త వరుస ఉంటే ఒక రికార్డు రెండుగా చీలుతుంది. మూల ఫైలు సరిగ్గా 10,48,576 వరుసల దగ్గర ఆగితే అది డేటా ముగింపు కాదు, ఎక్సెల్ హద్దు.

తర్వాత డబ్బు కాలమ్ మొత్తం రెండు వైపులా కూడి చూడండి. ఆపైన మొదటి రికార్డు, చివరి రికార్డు, అందరికంటే పొడవాటి పేరున్న రికార్డు, సున్నాతో మొదలయ్యే నంబరున్న రికార్డు, చిరునామాలో కామా ఉన్న రికార్డు తెరిచి గడి గడికీ పోల్చండి. ఏదో పది వరుసలు యాదృచ్ఛికంగా చూడటం కంటే ఈ ఐదు ఎక్కువ తప్పులు పట్టిస్తాయి.

చివరిగా తిరుగు మార్పిడి. వచ్చిన జేసన్‌ను మళ్లీ సీఎస్‌వీగా మార్చి, మొదటి ఫైలుతో పక్కపక్కన పెట్టండి. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో రెండు ఫైళ్లూ ఎంచుకుని కంపేర్ సెలెక్టెడ్ నొక్కితే తేడా ఉన్న వరుసలకు రంగు పడుతుంది. ఈ పోలికకు ఎక్సెల్ వాడకండి, అది తెరవడంలోనే రెండింటినీ ఒకేలా పాడుచేసి తేడా లేదనిపిస్తుంది. కోట్స్‌లోనో, వరుస చివరి గుర్తుల్లోనో మాత్రమే తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. అంకెలో తేడా ఉంటే ఆ కాలమ్‌ను టెక్స్ట్ చేసి మొత్తం మళ్లీ మార్చండి, ఆ ఒక్క గడిని చేత్తో దిద్ది వదిలేయొద్దు. ఆ కాలమ్‌లో ఇంకా ఎన్ని గడులు అలా మారాయో మీ కంటికి పడకపోవచ్చు.

ఫైలు కొన్ని పదుల ఎంబీలు దాటితే బ్రౌజర్ ట్యాబ్ బిగుసుకుపోతుంది, ఒక్కోసారి సగం ఫలితమే దిగుతుంది. అలాంటప్పుడు ఫైలును ముక్కలు చేయండి, ప్రతి ముక్కలోనూ శీర్షికల వరుస ఉండాలి. జేసన్ ముక్కలను మళ్లీ కలిపేటప్పుడు ఒకదాని కింద ఒకటి అతికిస్తే చెల్లదు. ప్రతి ముక్కకూ ఉన్న బయటి చదరపు బ్రాకెట్లు తీసేసి, మధ్యలో కామాలు పెట్టి, మొత్తానికి ఒకే జత బ్రాకెట్లు ఉంచాలి.